అత్తమ్మ కొలిచిన ఊపిరి

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మంచం మీద పడి, కాలు కింద రెండు దిండ్లు పెట్టుకుని, మోకాలికి ఐసు సంచి ఒత్తుకుంటూ ఫ్యానును తిడుతున్నాను. ఫ్యాను చేసిన తప్పేమీ లేదు. మోకాలు మార్పించుకుని ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజుల్లో నేను తిట్టని వస్తువు మా ఇంట్లో లేదు. ఫోన్ ఎత్తిన నా భార్య "అయ్యో" అంటూ గోడకు ఆనుకుంది. రోజూ పొద్దున ఏడింటికి అత్తమ్మకు నేను చేసే ఫోను ఆ పూట ఇంకా చేయలేదు.

ఆమెకు ఎనభై దాటాయి. నిద్రలోనే పోయింది. మంచి చావు అన్నారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. నాకింకా ఆమెతో పని ఉంది.

ఆ పనేమిటో చెబుతాను. నేను బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు వరంగల్ నుంచి ఏటూరునాగారం దాకా నిలబడి పోయి నిలబడి వచ్చినవాణ్ణి. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. అత్తమ్మ వరంగల్ స్టేషన్ దగ్గర గింజల దుకాణంలో యాభై ఏళ్లు కింద కూర్చునే జొన్నలు, పెసర్లు మానికతో కొలిచి పోసింది. నిలబడ్డ నా మోకాలూ అరిగింది, కూర్చున్న ఆమె మోకాళ్లూ అరిగాయి. ఆమె నాలుగేళ్ల కిందటే రెండూ మార్పించుకుంది.

అప్పుడు దవాఖానలో ఆమె పక్కన నేనే ఉన్నాను. కాలు వంచే కసరత్తు చేయించే అమ్మాయి వచ్చి, ముందు కళ్లు మూసుకుని కాసేపు ధ్యానం చేయమంది, నొప్పి ఓర్చుకోవడానికి పనికొస్తుందట. అత్తమ్మ బెంగపడింది.

"ధ్యానమంటె కాళ్లు మడుసుకొని కింద కూసోవాలె గద బిడ్డా. ఈ కొత్త మోకాళ్లతోని కిందనే కూసోవద్దంటిరి. ఇగ యాడి ధ్యానం?"

పడుకుని కూడా చేయొచ్చని ఆ అమ్మాయి నవ్వింది. ఒకటి నుంచి పది దాకా ఊపిరి లెక్కపెట్టాలి. మధ్యలో మనసు ఎటన్నా పోతే మళ్లీ ఒకటి దగ్గరే మొదలుపెట్టాలి.

"ఒకటి అనం బిడ్డా మేము, లాభం అంటం," అంది అత్తమ్మ. గింజలు కొలిచేవాళ్లు మొదటి మానికకు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. ఆమె మంచం మీద పడుకుని "లాభం... రెండు... మూడు..." అంటుంటే పక్క మంచం ఆమె తల తిప్పి, "ఏం కొలుస్తానవ్ పెద్దమ్మా?" అని అడిగింది. "ఊపిరి," అంది అత్తమ్మ. ఆ అమ్మాయి కాలు వంచుతున్నంతసేపూ ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. లెక్క మాత్రం ఆగలేదు. కాలు వంగింది.

నాకు ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచి ఆమె నా వెంట పడింది. రోజూ ఏడింటికి ఫోన్ చేసి, ఎంత దాకా కొలిచానో చెప్పాలి. నేను లాభం అంటాను. రెండు అంటాను. మూడో ఊపిరికి ములుగులో ఎక్కిన ముసలామె టికెట్ తీసుకుందా లేదా అని అనుమానం వస్తుంది. నాలుగుకు మోకాలు భగ్గుమంటుంది. అంతే, కళ్లు తెరిచి మళ్లీ ఫ్యానును తిట్టడం.

"నాలుగు కాడనే తప్పిపోతాన అత్తా," అన్నాను ఒకరోజు.

"తప్పిపోతె ఏమైతది? మానిక ఒలికిందని కొలుసుడు బంద్ పెడతమా? మళ్ల ఎత్తుకో. నొప్పి సుట్టం లెక్క అల్లుడా, ఎల్లగొడితె పోదు. కూసోవెట్టి నీ పని నువ్వు చేసుకో."

చెప్పడం తేలికే. నెల లోపల కాలు వంగకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. వంచబోతే నాకు ప్రాణం పోయినట్టుండేది. అందుకని కసరత్తు చేయించే అబ్బాయి వస్తే జ్వరమని చెప్పి పంపించేశాను. పదో రోజున అత్తమ్మకూ అబద్ధం చెప్పాను.

"ఇయ్యాల పది దాకా పోయిన అత్తా. కాలు గూడ వంచిన."

"మంచిగైంది. రేపు మళ్ల చెయ్యి," అంది. ఆ తర్వాత రోజూ పదే చెప్పాను.

ఆ పొద్దున ఆటోలో కాలు చాపుకుని అడ్డంగా కూర్చుని వాళ్లింటికి పోయాను. వాకిట్లో ఆడవాళ్లంతా కింద కూర్చుని ఏడుస్తున్నారు. నేనొక్కణ్ణే కుర్చీలో, పెళ్లికి వచ్చినవాడిలాగా. ఎదురుగా పాడె కడుతున్నారు. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. వాడు నిప్పుకుండ పట్టుకుంటే పాడె ఒక కొమ్ము నా భుజం మీద ఉండాలి. వాకరు పట్టుకున్నవాడు పాడె ఏం మోస్తాడు? కూర్చోలేక, లేవలేక, చెప్పలేని అవమానంతో కొట్టుమిట్టాడాను.

అత్తమ్మ కోడలు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆపుకోలేకపోయాను.

"చెల్లె, నేను అత్తమ్మకు అబద్ధం చెప్పిన. పది దాకా ఎన్నడు పోలె. కాలు గూడ వంచలె."

"ఆమెకు ఎరికే అన్నా," అంది ఆమె, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మొదటి దినమే అన్నది, 'వాడు అబద్ధమాడుతాండు, కాలు వంచినోని గొంతు గట్లుండది' అని."

"మరి నన్నెందుకు తిట్టలె?"

"తిడితె ఫోన్ బంద్ చేస్తవని. నువ్వు ఫోన్ పెట్టేసినంక రోజూ నీ పేరు మీద ఆమెనే పది కొలిచేది. వాడు చేసేదాక నేను చేస్త అనేది. నిన్న పొద్దుగాల గూడ చేసింది."

పాడె లేచింది. నేనూ లేచాను. నా భార్య వద్దంటున్నా వెనకాల బయలుదేరాను. ఇరవై రోజులుగా కర్రలాగా ఈడ్చుకు తిరిగిన కాలును మొదటిసారి వంచి అడుగు వేశాను. కేక పెట్టాను. వీధి మలుపు దాకా అడుగుకో కేక.

"మేనత్తంటె ఎంత పానమో," అన్నారెవరో వెనక నుంచి. మలుపు దగ్గర ఇక అడుగు పడలేదు. డప్పులు దూరమయ్యాయి. దారి పొడుగునా చల్లిన పేలాలు ఆటోల గాలికి లేచి, దొర్లి, మళ్లీ కాస్త ముందుకు పోయి పడుతున్నాయి.