ఎనభైకి దిగిన కన్యకాపరమేశ్వరి

ప్రొద్దుటూరులో గుడ్డలకొట్టు నడిపే కన్యకాపరమేశ్వరికి 1968లో నలభై ఆరేళ్ళు, తొంభై ఆరు కిలోలు. ఆ వీధిలో లావంటే కలిమి, కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు, ఆమె బొడ్డుకు తప్ప. అక్కడ కండ చీలి పేగు పొడుచుకొచ్చింది. గుడ్డ తాను ఎత్తితే నిమ్మకాయంత ఉబ్బు, ప్రాణం తీసే నొప్పి.

జమ్మలమడుగులో డాక్టర్ విశాలాక్షి చూసి తేల్చి చెప్పింది. "ఎనభైకి దిగు. అంతదాకా కత్తి పట్టను. ఇంత కొవ్వు కోసి కుడితే కుట్లు నిలవవు, పుండు మానదు. అట్లని నాన్చినావా, పేగు ఇరుక్కుంటే ప్రాణానికే మోసం."

పరమేశ్వరి నెలంతా నిష్ఠగా ఉపవాసాలుంది. ఏకాదశులు, సోమవారాలు, శనివారాలు, అవి చాలక గండి ఆంజనేయుడి పేరుతో మంగళవారాలు. నెల తర్వాత డాక్టరు దగ్గర కాటా తొంభై ఎనిమిది చూపింది.

"ఏం తిన్నావమ్మా?"

"మెతుకు ముట్టలేదు తల్లీ!"

"మెతుకు సరే. ఇంకేం ముట్టినావు?"

ఫలహారమే. నెయ్యి కారే గోధుమరవ్వ ఉప్మా, ఆరు అరటిపండ్లు, బెల్లం వేసిన చెంబెడు పాలు. అన్నం మానితే ఉపవాసమేనని మనవాళ్ళు ఎప్పుడో తీర్పు ఇచ్చుకున్నారు. దేవుడు ఒప్పుకున్నాడేమో గానీ ఒళ్ళు ఒప్పుకోలేదు.

డాక్టరు ఆమె పొట్ట మీద మడతను రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇదంతా కంటికి కనపడని చిన్న సంచులు, కోట్ల కొద్దీ. ఒంటికి అవసరమైనదానికంటే ఎక్కువ తింటే నిండుతాయి. తక్కువ తింటే ఒళ్ళు అందులోనుంచి తీసి వాడుకుంటుంది. సంచి కుంచించుకుపోతుంది, మాయం కాదు. ఏ దేవుడి వారమో దానికి తెలీదు."

"అయితే మళ్ళా నింపమంటుందా?"

"ఆకలేసి అడుగుతుంది. అందుకే తగ్గడం కంటే తగ్గి నిలవడం కష్టం."

మరునాటినుంచి పిడికెడు రాగిసంగటి, గిన్నెడు ఆకుకూర, మజ్జిగ. తెల్లవారగానే రవికలు కుట్టే బిస్మిల్లా బీతో పెన్న ఒడ్డుదాకా నడక.

"ఏంది సెట్టెమ్మా, రొప్పుతాండావు? ఒంటెద్దు బండి గూడా నిన్ను దాటిపోయింది!"

"ఆ ఎద్దు కడుపునిండా మేసి వచ్చిందే. నాకు మజ్జిగే గదా!"

చిక్కేకొద్దీ ఇంట్లో గొడవ. "నీ వాలకం చూసి కొట్టు దివాలా అనుకుంటాండారే జనం" అన్నాడు భర్త యోగానంద.

"దివాలా తీసింది నీ నెయ్యి డబ్బా. కొట్టు శానా బాగుంది."

రెండు నెలల్లో పన్నెండు కిలోలు పోయాయి. ఎనభై ఆరు దగ్గర కాటా మొండికేసింది. నాలుగు వారాలు కదలలేదు. అత్త భాగ్యలక్ష్మి దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఇంట్లో అందరికీ తుమ్ములు వచ్చాయి తప్ప కాటా చలించలేదు. డాక్టరు కారణం చెప్పింది: చిక్కిన ఒంటికి ఖర్చు తక్కువ, కాబట్టి పాత లెక్క చాలదు. పరమేశ్వరి రాత్రి సంగటి సగం చేసి, సాయంత్రం కూడా పెన్న బాట పట్టింది.

ఆరో నెలలో ఎనభై ఒకటి. డాక్టరు మడత పట్టి చూసింది. మునుపటిలో సగం లేదు. "చాలు, సోమవారం చేరు."

"ఎనభై అన్నారు గదా! తక్కువ కొలత నేనెప్పుడూ ఇయ్యలేదు."

"పేగు ఇరుక్కుంటే కొలత ఎవరికిస్తావు? నాకు కావాల్సింది అంకె కాదు, పలచబడిన కొవ్వు. అది వచ్చేసింది."

జన్మలో మొదటిసారి ఆమె బేరంలో ఒక మెట్టు దిగింది. కానీ సోమవారం ఆసుపత్రి కాటా ఎక్కితే ముల్లు ఎనభై దగ్గర ఆగింది. చేరే గాభరాకు ఆదివారమంతా ఆమెకు ముద్ద దిగలేదట!

ఆపరేషనైన పదోనాడు కుట్లు విప్పారు. పుండు పొడిగా, గీతలాగా ఉంది. డాక్టరు బొడ్డు దగ్గర అరచెయ్యి ఆనించి, "దగ్గు" అంది.

పరమేశ్వరి భయంభయంగా ఒకసారి దగ్గింది. ఏమీ పొడుచుకురాలేదు.

"ఇంకా గట్టిగా."

ఈసారి దగ్గుకు పక్క మంచం మనిషి ఉలిక్కిపడి లేచి కూర్చుంది.