వాయించకూడని కవాతు

ఊళ్ళో మోటారు బండ్లు పెరిగేకొద్దీ ఆమోస్ టిల్లీ దుకాణం చిన్నబోయింది. గుర్రాలకు జీన్లు, కళ్ళేలు కుట్టడం వాళ్ళ తాతనాటి వృత్తి. నది ఒడ్డున మాది చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న పొలాలు. నా చిన్నతనంలో గుర్రం లేని ఇల్లు లేదు. నాకు పెళ్ళీడు వచ్చేసరికి గుర్రం ఉన్న ఇంటిని వెతుక్కోవలసి వచ్చింది. ఆమోస్ మాత్రం రోజూ పొద్దున్నే దుకాణం తెరిచి, గోడకు వేలాడే పాత జీన్లకు నూనె రాసి, సాయంత్రం మూసేవాడు.

ఆ రోజుల్లోనే స్ట్రౌడ్ అనే ఆయన ఆర్కేడియా థియేటరు కట్టించాడు. మూకీ సినిమాలకు సంగీతం కోసం పెద్ద గొట్టాల ఆర్గన్ తెప్పించాడు. తెర పక్కన అలంకారపు జాలీ గోడ కట్టి, దాని వెనక గదిలో గొట్టాలన్నీ నిలబెట్టారు. పెన్సిలంత సన్నవి మొదలుకొని మనిషి దూరగలిగేంత లావువి దాకా ఉండేవి. బిగించినవాళ్ళు రైలెక్కి వెళ్ళిపోయారు. మొదటి చలికాలం పొయ్యిల వేడికే ఆర్గన్ సగం మూగబోయింది. ఒక్కో గొట్టం అడుగున వేలిగోరంత తోలుసంచి ఉంటుంది. మీట నొక్కగానే అది ముడుచుకుని గాలికి దారి ఇవ్వాలి. ఆ తోళ్ళు ఎండి పగిలిపోయాయి.

స్ట్రౌడ్ ఆమోస్ దుకాణానికి వెళ్ళాడు.

"ఏమయ్యా టిల్లీ, గుర్రాలకు జీన్లు కుట్టావు. గాలికి కుట్టగలవా?"

"గాలి తన్నదు కదా, మిస్టర్ స్ట్రౌడ్. కుడతాను."

అలా ఆమోస్ జాలీ గోడ వెనక్కి చేరాడు. మళ్ళీ బయటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. నేను థియేటర్లో టార్చిలైటు పట్టుకుని జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టేదాన్ని. పొద్దుటిపూట వేరుశనగ తొక్కలు ఊడుస్తుంటే వాళ్ళిద్దరి మాటలు వినబడేవి. ఆర్గన్ వాయించే మిస్ వెర్నా హుక్‌స్ట్రా ఒక మీట నొక్కి పట్టుకునేది. గోడ వెనక ఆమోస్ ఆ గొట్టాన్ని తట్టి తట్టి శ్రుతి సరిచేసేవాడు. కుదిరాక అరిచేవాడు.

"తర్వాతది! మిస్ వెర్నా, కునుకు తీస్తున్నారా ఏమిటి?"

"మీరు ఆ గొట్టంలో కాపురం పెట్టారనుకున్నాను, మిస్టర్ టిల్లీ."

"అద్దె తక్కువైతే పెడతాను. తర్వాతది!"

ఒకసారి తెరమీద తల్లి చచ్చిపోతోంది, హాలంతా ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడు ఒక తోలుసంచి ఇరుక్కుని, ఎవరూ నొక్కని స్వరం ఒకటి గాడిద ఓండ్రపెట్టినట్టు మొదలై ఆగలేదు. ఆమోస్ ఆ గొట్టాన్ని పెరికి, బాతును చంకన పెట్టుకున్నట్టు పెట్టుకుని తెర పక్క తలుపులోంచి తొంగిచూశాడు. ఏడుస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అతను సిగ్గుపడి మళ్ళీ లోపలికి దూరాడు.

ఆ కాలపు ఫిల్ము తుపాకీమందులా అంటుకునేది. పక్క ఊరి నాటకశాల కాలినప్పుడు మంటకన్నా తొక్కిసలాటకే ఎక్కువమంది పోయారు. అందుకని సర్కస్‌వాళ్ళ అలవాటొకటి మేమూ పెట్టుకున్నాం. నిప్పు కనబడితే ఎవరూ కేక వెయ్యకూడదు. వెర్నా ఒక కవాతు పాట ఎత్తుకుంటుంది. జనానికి అది హుషారైన పాట, మాకు ఆజ్ఞ. నేను తలుపులు తెరవాలి. పైన ఆపరేటరు తన గది కిటికీ ఇనుపరేకు దించాలి. ఆమోస్ గోడ వెనకున్న నీళ్ళ చక్రం తిప్పాలి. తిప్పితే తెర పైనా గొట్టాల గది పైనా ఉన్న చిల్లుల గొట్టాల్లోంచి నీళ్ళు పడతాయి.

ఆ నీళ్ళ గొట్టాలు బిగించిన రోజు ఆమోస్ ముఖం చూసిందాన్ని నేను.

"మిస్టర్ స్ట్రౌడ్, తెరమీద పొయ్యండి, కాదనను. తోళ్ళమీద నీళ్ళేమిటండీ? చచ్చిపోతుంది ఇది."

"ఆ గదంతా ఎండుకట్టె టిల్లీ. నిప్పంటుకుంటే ఊదడానికి గాలి కూడా అక్కడే ఉంది. హాల్లో పిల్లలుంటారయ్యా."

ఆమోస్ తలెత్తి పైనున్న చిల్లుల గొట్టాన్ని చూశాడు. తర్వాత, "అయితే ఆ చక్రం నేనే తిప్పుతాను. ఇంకెవరూ ముట్టుకోవద్దు," అన్నాడు. ఆనాటినుంచి తోళ్ళకు రాసే నూనెగుడ్డతోనే ఆ చక్రాన్నీ తుడిచేవాడు. పసిపిల్ల వేలితో తిప్పినా తిరిగేలా ఉంచాడు. సాధన చేసేటప్పుడు వెర్నా ఆ కవాతు మొదటి ముక్క మాత్రమే వాయించేది. ఆమోస్ చక్రం మీద చెయ్యి వేసి "వేశాను!" అనేవాడు. అక్కడితో ఆపేసేది. అన్నేళ్ళలో తక్కిన పాట ఎలా ఉంటుందో మాలో ఎవరం వినలేదు.

టాకీలు వచ్చాయి. స్ట్రౌడ్ గొట్టాల గదిలో లౌడుస్పీకర్లు పెట్టిస్తానన్నాడు. ఆమోస్ మళ్ళీ పాత జీన్ల మధ్యకి పోవలసినవాడే. ఆ మాట పైకి అనలేదు గానీ అన్నం మానేశాడని వాళ్ళ అక్క మా అమ్మతో చెప్పింది. అప్పుడు మా డచ్చివాళ్ళ చర్చి పాదరీ డైక్‌హైస్ ముందుకొచ్చాడు. ఆర్గన్‌ను చర్చికి తీసుకుంటాం, దాంతోపాటు దాన్ని చూసుకునే మనిషినీ తీసుకుంటాం అన్నాడు.

"సినిమా దెయ్యాల కొంప అన్నారు కదండీ?" అని అడిగాను.

"గొట్టాలేం పాపం చేశాయి నెట్టీ? గాలి మాత్రం మాది పోస్తాం," అన్నాడాయన.

ఆమోస్ ఆ వారమంతా ఈల వేస్తూ తిరిగాడు. గొట్టాలను చుట్టడానికి ఊరంతా తిరిగి పాత దుప్పట్లు పోగుచేశాడు.

చివరి ఆట రోజు హాలు కిక్కిరిసింది. సినిమా అయ్యాక దీపాలన్నీ వేసి, "మిస్ వెర్నా వీడ్కోలు! ఏం కావాలో అడగండి!" అన్నాడు స్ట్రౌడ్. జనం అరిచి అడిగారు. ఆమె అన్నీ వాయించింది. ఇంతలో బాల్కనీలోంచి ఎవడో పాలేరు ఆ కవాతు పేరు అరిచాడు. హాలంతా అదే అందుకుంది. వెర్నా తల అడ్డంగా ఊపింది. వాళ్ళు కాళ్ళతో నేల తన్నారు. ఆమె ఒక్క క్షణం తన చేతులకేసి చూసుకుంది. తర్వాత నవ్వింది. రేపటినుంచి ఆర్గనే లేని చోట కట్టుబాటు ఎవరికి, అనుకున్నానని తర్వాత చెప్పింది.

కవాతు మొదలైంది. నా చెయ్యి దానంతట అదే తలుపు గడియమీదికి పోయింది. పైన ఇనుపరేకు దబ్బున పడింది. వెర్నా నవ్వుముఖం చూసి నేను ఆగిపోయాను. చూడగలిగినవాళ్ళందరం ఆగిపోయాం.

గోడ వెనక ఉన్నవాడికి ఆ గోలలో మాటలు తెలియవు, ముఖం కనబడదు.

నాకు అది తట్టేసరికే నీళ్ళ హోరు వినబడింది. తెర తడిసి నల్లబడింది. జాలీలోంచి నీళ్ళు దూకాయి. పాట సగంలో స్వరాలు ఒకటొకటిగా ఊడిపోయాయి. వెర్నా చేతులు తీసేసినా లావుపాటి గొట్టమొకటి ఆగకుండా మూలుగుతూ, మునుగుతున్న పశువులా గొంతు మార్చుకుంటూ, కడకు బుడబుడమని ఆగింది. అంత జనంలో ఒక్కరూ కదల్లేదు. ఎవరో పిల్ల అదీ తమాషాలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ ఆ చేతులు పట్టేసుకుంది.

తెర పక్క తలుపు తెరుచుకుంది. ఆమోస్, నెత్తినుంచి నీళ్ళు కారుతూ. మమ్మల్నందర్నీ చూశాడు. మేమింకా కుర్చీల్లోనే ఉన్నందుకు మామీద కోపం వచ్చినట్టుంది.

"కూర్చున్నారేం? పిల్లల్ని దాటించండి! మంట ఎక్కడ?"

ఆర్గన్‌కేసి తిరిగాడు.

"మిస్ వెర్నా, మంట ఎక్కడ?"

ఆమె తల దించుకుంది. ఆమోస్ ఆమెను చూశాడు, వెలుగుతున్న దీపాలను చూశాడు, బాల్కనీ చూశాడు. అర్థమైనప్పుడు ఆ ముఖంలో ఏదీ కదలలేదు. అదే నన్నిప్పటికీ పట్టుకునుంది. "ఓహో," అన్నాడు. వెనక్కి తిరిగి, చక్రం తిప్పి నీళ్ళు కట్టెయ్యడానికి వెళ్ళాడు.

తోలు సంగతి అతనికొకరు చెప్పాలా? తడిసినదాన్ని తొందరపెడితే కొమ్ములా గట్టిపడుతుంది. తోలుసంచులన్నిటినీ దుకాణంలో దారాలకు వేలాడదీసి, పొయ్యికి దూరంగా ఆరబెట్టాడు. వెర్నా రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని కొత్త తోళ్ళు కత్తిరించేది. చాలాకాలం వాళ్ళమధ్య మాటల్లేవు. ఒక పొద్దు నేను రొట్టె పట్టుకుని వెళ్తే గుమ్మం దాకా వినబడింది.

"కునుకు తీస్తున్నారా మిస్ వెర్నా? తర్వాతది."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

గొట్టాల్లో కొయ్యవి విచ్చుకుపోయాయి. సీసం, తగరం కలిపి పోసినవి నిలిచాయి. వసంతానికి సగానికి తక్కువే పలికాయి. పాదరీ మాట తప్పలేదు. ఆ సగాన్నీ, ఆమోస్‌నూ తీసుకున్నాడు.

చర్చిలో బిగించడం పూర్తయిన రోజు మేం ముగ్గురమే ఉన్నాం. ఆమోస్ మొదటి బల్లమీద కూర్చుని టోపీ మోకాలిమీద పెట్టుకున్నాడు.

"మిస్ వెర్నా, ఆ పాట మిగతాది ఎలా ఉంటుంది? నీళ్ళ చప్పుడులో నాకేం వినబడలేదు."

"వద్దు, మిస్టర్ టిల్లీ."

"మీదే బాకీ. వాయించండి."

ఆమె మొదలుపెట్టింది. మొదటి ముక్క అయిందో లేదో ఆమోస్ లేచాడు. టోపీ కిందపడింది. బల్లలు దాటి గోడ దాకా పోయి చెయ్యి చాచాడు. అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. వెర్నా ఆపేసింది. ఆమోస్ చాచిన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నెట్టీ, ఈ చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకో. వదలకు," అన్నాడు. "మళ్ళీ మొదటినుంచీ, మిస్ వెర్నా."

రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె చివరిదాకా వాయించింది. పాట చాలా బాగుంది. ఆమోస్ కళ్ళు మూసుకుని తలూపుతూ విన్నాడు. నా గుప్పిట్లో అతని చెయ్యి మాత్రం పాట అయిపోయేదాకా గోడవైపుకి లాగుతూనే ఉంది.