మునెమ్మ ఆ దినం చెప్పిన మాట

చాలా ఏళ్లుగా ఒక మాట నన్ను కుదురుగా కూర్చోనీయడం లేదు. కూర తరుగుతా ఉన్నప్పుడు, బస్సులో పోతా ఉన్నప్పుడు, ఎవరి చేతికో బీపీ పట్టీ చుట్టేటప్పుడు ఉన్నట్టుండి గొంతు దాకా వస్తుంది. మింగేస్తాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను. మీకు నా మొగం తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

నేను నర్సును. అప్పుడు శ్రీ సిటీకి అవతల ఒక ఊళ్లో చిన్న ఆరోగ్య కేంద్రం చూసుకునేదాన్ని. ఆ ఊళ్లో మునెమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయినాక కూలి చేసి ఒక్క కొడుకును సాకింది. కొడుకు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. కోడలు రేవతికి తొలి కాన్పు, నెలలు నిండొస్తా ఉన్నాయి. మునెమ్మ ప్రతిసారీ కోడలిని తనే పిల్చుకొని వచ్చేది. నేను చెప్పేది రేవతి కంటే ఆమే శ్రద్ధగా వినేది. తలనొప్పి తగ్గకపోయినా, మొగం వాచినా, కండ్ల ముందర మెరుపులు కనిపించినా ఆలస్యం చేయకుండా నాకు ఫోన్ చేయమని గర్భిణులందరికీ చెప్పేదాన్ని. ఆ మాటలు ఆమెకు నోటికొచ్చు.

ఆఖరుసారి చూసినప్పుడు రేవతికి బీపీ కొంచెం ఎక్కువే ఉండింది. రెండు మూడు దినాల్లో మళ్లీ చూడాల. చూడలేదు. ఎందుకు? నా కొడుక్కు తిరుమలలో పుట్టెంట్రుకలు తీయించేది ఉండింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఎవరికీ చెప్పకుండా పోయినాను.

బస్సు కొండ ఎక్కుతా ఉండగా మునెమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, పొద్దున్నించి తలకాయి పగిలిపోతాందంటా ఉండాది. మొగమంతా ఉబ్బిండాది. కండ్ల ముందర మిణుగురు పురుగులు ఎగిరినట్టు ఉండాదంట. నువ్వు సెప్పినావు కదా, అందుకే సేసినా."

నాకు అర్థం కాలేదా? వెంటనే అయింది. అంబులెన్స్ పిలిపించి తిరుపతికి పంపించాల్సిన కేసు. కానీ అంబులెన్స్ వస్తే, ఊరి నర్సు యాడ అని అడుగుతారు. నేను కొండ మీద ఉన్నానని తెలిసిపోతుంది. ఇంత చిన్న భయం. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా దాని వెనకాల ఇంకో పెద్ద కారణం దొరకదు.

"ఎండకు అట్లే ఉంటాది మునెమ్మా. మజ్జిగ తాపించి పండుకోబెట్టు. రేపు పొద్దున్నే నేనొచ్చి చూస్తా" అన్నాను.

ఆమె "సరేమ్మా" అనింది.

దర్శనానికి పోయే ముందు ఫోన్లు అప్పజెప్పినాం. బయటికొచ్చి ఫోన్ తీసుకుంటే మునెమ్మ కొడుకు మళ్లీ మళ్లీ చేసినట్టు ఉండింది. తిరిగి చేస్తే చెప్పినాడు: రేవతికి ఫిట్స్ వచ్చినాయి. తిరుపతిలో ఆసుపత్రికి తెచ్చినారు. పిల్లోణ్ణి మా ఆయనకు అప్పజెప్పి, కొండ దిగి నేరుగా అక్కడికే పోయినాను. నేను చేరేసరికే బిడ్డ పోయింది. రేవతికి ఇంకా తెలివి రాలేదు.

వరండాలో డాక్టరమ్మ మునెమ్మను కోప్పడతా ఉండింది, ఇంత వాపు పెట్టుకొని పొద్దున్నించి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని.

"ఈయమ్మకు సెప్పినా మేడం. కండ్ల ముందర పురుగులు కనపడతా ఉండాయని కూడా సెప్పినా."

అందరూ నా వైపు చూసినారు.

"తలనొప్పి అని మాత్రమే చెప్పింది మేడం. మిగతాది చెప్పి ఉంటే నేను అప్పుడే పంపించేదాన్ని."

ఎంత తడుముకోకుండా వచ్చింది ఆ మాట. మునెమ్మ కొడుకు తల్లి వైపు తిరిగినాడు. "నువ్వు నిజంగా సెప్పినావా మా?"

"సెప్పినా నాయనా" అనింది. నన్ను చూసింది. మళ్లీ కొడుకును చూసింది. "సెప్పినాననే అనుకుంటా ఉండా."

నేను ఊళ్లో ఉన్నానా లేనా అని ఎవరూ అడగలేదు.

రేవతి బతికింది. ఇంటికొచ్చినాక అత్తతో మాట్లాడలేదు. మొగుడూ పెండ్లాం ఊరు విడిచి ఫ్యాక్టరీకి దగ్గర్లో గది తీసుకున్నారు. ఆ తర్వాత ఒకసారి మునెమ్మ నా దగ్గరికి వచ్చింది. కంగారులో తనే సరిగ్గా చెప్పలేదేమో, డాక్టరమ్మ ముందర నా పేరు అనవసరంగా లాగిందేమో, మనసులో పెట్టుకోవద్దనింది. గదిలో ఇంకెవరూ లేరు. అప్పుడైనా నేను చెప్పి ఉండొచ్చు. చేయి పట్టుకొని బీపీ చూసి పంపించినాను.

కొన్నాళ్లకు అడిగి మరీ చిత్తూరు పక్కకు బదిలీ చేయించుకున్నాను. రేవతికి తర్వాత ఒక ఆడబిడ్డ పుట్టిందని విన్నాను. ఆ బిడ్డను మునెమ్మ చేతికి ఇయ్యలేదని కూడా విన్నాను. వెంటనే పంపించి ఉంటే మొదటి బిడ్డ బతికేదా? తెలియదు. ఇన్నేళ్లూ ఆ తెలియకపోవడం వెనకాలే దాక్కున్నాను. బిడ్డ సంగతి ఎవరూ తేల్చి చెప్పలేకపోవచ్చు. వరండాలో నేనన్నది మాత్రం అబద్ధం. అది తేలిపోయిందే. ఒక తల్లి తన నోటి మాటను తనే నమ్మలేకుండా చేసినాను.

మునెమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉందంట, ఒక్కతే. పోయి చెప్పాలని బయలుదేరినాను. తిరుపతి బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చేసినాను. మళ్లీ పోతానో లేదో మాట ఇయ్యలేను. ఈ ఒక్కటి మాత్రం రాసి పెడతాను.

తలనొప్పి సంగతి చెప్పింది. వాపు సంగతి చెప్పింది. కండ్ల సంగతి కూడా చెప్పింది. నేను అంతా విన్నాను.