మూడు మీటర్ల పైపు

చివరి రోజు మధ్యాహ్నం పిన్ని చేసిన పని ఏసీ ఫిల్టర్లు కడగడం. పదిహేను రోజులకోసారి కడిగేది. స్టూలెక్కి మూత పైకి లేపి, రెండు జాలీలూ బయటికి లాగి, పాత టూత్‌బ్రష్షుతో వెనక వైపు నుంచి రుద్దేది. ముందు నుంచి రుద్దితే దుమ్ము ఇంకా లోపలికి కూరుకుపోతుందట. ఆ రోజు కూడా కడిగి, నీడపట్టున గోడకి చేరేసి, అవి ఆరేలోపు కాస్త నడుం వాలుస్తానని అక్కతో చెప్పి తన గదిలోకి వెళ్లింది. మళ్లీ లేవలేదు. డెబ్బై ఒకటో ఏడు. డాక్టరు గుండె అన్నాడు. ఈ వయసులో మామూలే అని కూడా అన్నాడు. ఆ రెండో మాటకి చిట్టికి వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

చిట్టి అంటే చిన్నపిల్ల కాదు. నలభై రెండేళ్ల మనిషి. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి, మూడింటికి ఇల్లు చేరి, నాలుగు మెతుకులు తిని, రెండు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకోవాలి. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. తుంటి విరిగి రెండేళ్లుగా మంచంలో ఉన్న అమ్మ, అమ్మకి చెల్లెలైన పిన్ని, చిట్టి. చిట్టి సంపాదిస్తే పిన్ని ఇల్లు నడిపేది. అమ్మ ఇద్దరికీ తీర్పులు చెప్పేది.

అపార్టుమెంటులో పిన్నికి కంప్లయింట్ బాక్సు అని పేరు. లిఫ్టులో దీపం వెలక్కపోయినా, నీళ్ల ట్యాంకు మూత గాలికి పడిపోయినా, మెట్ల మీద ఎవరి చెత్తబుట్టయినా బోర్లా పడినా మొదట వినిపించేది ఆవిడ గొంతే. ఆ పేరు పెట్టినవాళ్లంతా వెలిగే లిఫ్టులోనే తిరిగారు, మూతున్న ట్యాంకు నీళ్లే తాగారు. కంప్లయింటు చేసినావిడ మాత్రం గయ్యాళిగా మిగిలిపోయింది. లోకం తీరు అదీ. పక్కవాళ్ల సంగతి సరే, ఆ పేరు విని చిట్టి కూడా నవ్వేది.

పిన్ని ఇరవయ్యారేళ్లు కోల్డ్ స్టోరేజీలో పనిచేసింది. బంగాళాదుంపల బస్తాలు పైకప్పు దాకా పేర్చిన ఆరు గదులు. రెండు గంటలకోసారి ఒక్కో గదిలోకీ వెళ్లి, థర్మామీటరు చూసి, షీటు మీద అంకె వేసి రావడం ఆవిడ పని. బయట ఎండలు మండిపోతున్నా స్వెట్టరు చంకన పెట్టుకుని బస్సెక్కేది. ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, మిషను గదికి పరిగెత్తి ఆపరేటర్ని కుదిపి లేపేది. ఒక్క డిగ్రీ సంగతి దుంపలకేం తెలుస్తుందని ఆపరేటరు విసుక్కుంటే, వాటికి మొలకలొచ్చాక నీకు తెలుస్తుందని అందట. ఆ ఉద్యోగం ఆవిడకి మిగిల్చినవి రెండు. ఒకటి మోకాళ్ల నొప్పి. రెండోది, అంకె లేని మాటని నమ్మకపోవడం. ఏసీ గదిలో పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయేది. కాసేపు అక్క పక్కన కూర్చోమంటే, "నా వాటా చలంతా ఉద్యోగంలోనే అయిపోయిందే," అని తన గదిలోకి వెళ్లిపోయేది.

కానీ అమ్మకి ఆ చల్లదనం లేకపోతే గడవదు. పడుకుని పడుకుని వీపు కింద పుండు పడింది. ఏడాది మందు రాస్తే అతికష్టం మీద మూసుకుంది. చెమట పడితే మళ్లీ తెరుచుకుంటుందనీ, ఈసారి ఎముక దాకా పోతుందనీ డాక్టరు ముందే హెచ్చరించాడు. పిన్ని ఆ రోజు నుంచీ అమ్మ గదిలో ఒక కాగితం అంటించి, పూటపూటా అంకె వేయడం మొదలుపెట్టింది. మళ్లీ ఉద్యోగంలో చేరినట్టున్నావు పిన్నీ అని చిట్టి అంటే, "చేరాల్సొచ్చింది. ఇదివరకు దుంపలు, ఇప్పుడు మీ అమ్మ," అంది.

గదిలో ఉన్నది పదిహేడేళ్ల నాటి విండో ఏసీ. ఎండలు ముదిరే వేళకి ఒకరోజు పెద్దగా గుర్రుమని ఆగిపోయింది. చూడ్డానికొచ్చినవాడు దాని మోటారు ఇప్పుడు తయారు కావడం లేదన్నాడు, వయసైపోయింది కొత్తది కొనుక్కోమన్నాడు. కోల్డ్ స్టోరేజీలో నలభై ఏళ్ల మిషను తనకంటే ఆరోగ్యంగా ఉందని పిన్ని అతనితో అరగంట వాదించింది. వాదనకి మోటారు తిరగదు. మర్నాడు షాపుకి వెళ్లారు. అక్కడి మేనేజరు పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, బిగించడం కూడా తమదే బాధ్యత అనీ, ఫోను చేస్తే గంటలో మనిషి వాలతాడనీ చెప్పాడు. పిన్ని ఆ మాటల్ని కూడా కాగితం మీద రాసుకుంది.

బిగించడానికి ఇద్దరొచ్చారు. ఆ రోజు ఇంకా ఆరిళ్లున్నాయట వాళ్లకి. చెప్పులు విప్పేలోపే డ్రిల్లు తీశారు. కొత్తది రెండు ముక్కల స్ప్లిట్ ఏసీ. లోపల ఉండే ముక్కని అమ్మ గది గోడకి బిగించారు. వేడిని బయటికి ఊదే పెద్ద పెట్టెని ఎక్కడ పెట్టాలి? బాత్రూం వెనక, అన్ని అంతస్తుల గొట్టాలూ దిగే ఇరుకు సందు ఉంది. పైన రేకు కప్పారు, నాలుగు వైపులా గోడలే. అందులో పెట్టేశారు. అక్కడ గాలి ఆడదు బాబూ అని పిన్ని అడ్డంపడింది. డబ్బాలో కంపెనీ ఇచ్చిన పైపు మూడు మీటర్లు, అది అందేది ఇక్కడికే అన్నారు వాళ్లు. పొడుగు పైపు తెచ్చి పెట్టమంటే, మిషన్ల సంగతి మీకు తెలియదమ్మా అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఇరవయ్యారేళ్లు మిషన్ల పక్కన నిలబడ్డ మనిషికి చెప్పిన మాట అది.

మూడో రోజు నుంచీ మధ్యాహ్నం రెండయ్యేసరికి కొత్త ఏసీ ఆగిపోవడం మొదలైంది. సాయంత్రం చల్లబడ్డాక తనంతట తనే మళ్లీ తిరిగేది. అంటే ఎప్పుడు కావాలో అప్పుడు ఉండదు. పిన్ని అక్క పక్కన కూర్చుని, తడిబట్టతో వీపు తుడుస్తూ, పొడిబట్టతో అద్దుతూ, విసనకర్రతో విసిరేది. నాలుగో రోజుకి పుండు మచ్చ చుట్టూ ఎర్రబడింది.

గంటలో వాలే మనిషి ఆరో రోజుకి వాలాడు. సందులోకి తొంగి కూడా చూడకుండా, మీ ఇంట్లో వోల్టేజి సరిగా లేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది సంగతి. పిన్ని కింది వాటాలో ఉన్న ఎలక్ట్రీషియన్ని మీటరుతో సహా పైకి పిలిపించింది. వోల్టేజి దివ్యంగా ఉంది. ఆ తరవాత చిట్టి చేత ల్యాబు నుంచి వందదాకా అంకెలున్న థర్మామీటరు తెప్పించి, తాడు కట్టి బాత్రూం కిటికీలోంచి సందులోకి దించింది. మూడు రోజులు అరగంటకోసారి పైకి లాగి చూసి రాసింది. వీధిలో నలభై ఒకటి ఉన్నప్పుడు సందులో యాభై నాలుగు. మిషను తను ఊదిన వేడినే తను పీల్చుకుని ఉక్కిరిబిక్కిరై పడిపోతోంది. ఇందులో అర్థం కాని రాకెట్ శాస్త్రమేమీ లేదు. అర్థమైతే పని చేయాల్సొస్తుంది కనక ఎవరికీ అర్థం కాలేదు.

ఫోన్లు చేసింది. ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, సంగీతం వినిపించారు. ఉత్తరం రాసింది. జవాబు లేదు. చివరికి షీట్లన్నీ సంచిలో పెట్టుకుని, మంచం దగ్గర ఓ గంట కూర్చోమని ఎలక్ట్రీషియన్ భార్యని బతిమాలి, బస్సెక్కి షాపుకి వెళ్లింది. నీళ్లిచ్చిన మేనేజరు ఈసారి తల ఎత్తలేదు. ఏరు దాటాక తెప్పతో ఎవరికేం పని? ఆవిడ స్వెట్టరు తొడుక్కుని, తిరుగుతున్న నమూనా ఏసీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ షీటు చూపించి, పైపు ఎన్ని మీటర్లో అడిగి మరీ కొనండని చెప్పింది. ముగ్గురు కొనకుండా వెళ్లిపోయారట.

"ఆంటీ, ఇలా చేస్తే ఎలా?" అన్నాడు మేనేజరు.

"ఆంటీ అంటున్నావుగా. చుట్టానివైతే ఇంటికొచ్చి మా అక్క వీపు చూసి పో నాయనా."

అతను చిట్టికి ఫోన్ చేశాడు. మీ పిన్నిగారిని తీసుకెళ్లండి మేడం, కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారు అన్నాడు. చిట్టికి తల కొట్టేసినట్టయింది. ల్యాబులో సగం పని వదిలేసి వెళ్లింది. పిన్నిని లేపి బస్సెక్కించింది. బస్సు కదిలాక అంది.

"ఎందుకు పిన్నీ ఇలా పరువు తీస్తావు? ఎక్కడికెళ్లినా గొడవేనా?"

పిన్ని కిటికీలోంచి బయటికే చూస్తూ, "గొడవ కాదే, రీడింగు," అంది. రెండు స్టాపులు దాటాక, "నావల్ల ఇవాళ నీ నిద్ర కూడా పోయింది," అని సంచిలోంచి నీళ్ల సీసా తీసిచ్చింది.

ఆ కూర్చోవడం వృథా పోలేదు. వారం తిరక్కుండా షాపువాళ్లు పాతకాలపు మెకానిక్ ఒకాయన్ని పంపారు. చిట్టి ల్యాబు నుంచి వచ్చేసరికి పని అయిపోయింది. ఏసీ మధ్యాహ్నం మూడున్నరకి హాయిగా తిరుగుతోంది. అమ్మ దుప్పటి కప్పమంటోంది. ఎక్కడికి మార్చాడని చిట్టి అడిగితే, పక్క గోడకి బిగించాడు, అక్కడే కుదిరిందట అని చెప్పింది పిన్ని. చిట్టి వెళ్లి చూడలేదు. నిద్ర ముంచుకొస్తోంది. పైగా ఇన్నాళ్లకి ఈ ఏసీ గోల వదిలిందన్న ఆనందం ఒకటి. కంపెనీకి ధన్యవాదాల ఉత్తరం రాయవా అని వేళాకోళమాడింది కూడా.

తరవాత రెండు నెలలు పిన్ని ఏసీ గురించి పల్లెత్తు మాటనలేదు. అమ్మ వీపు మీద ఎరుపు పోయింది. గోడ మీది కాగితంలో అంకెలు ఇరవై ఆరు దగ్గర బుద్ధిగా కూర్చున్నాయి. మధ్యాహ్నాలు పిన్ని లిఫ్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. కంప్లయింట్లు అయిపోయి కొత్తవాటి కోసం కాపు కాస్తోందని ఎదురింటావిడ అంటే, చిట్టి ఆ మాట తెచ్చి పిన్నికే చెప్పింది. పిన్ని నవ్వేసింది. ఆ నెలాఖరుకే పిన్ని పోయింది.

ఎండలు తగ్గుతుండగా మెకానిక్ సర్వీసుకి వచ్చాడు. తెల్ల మీసాల మనిషి. గుమ్మంలోనే, అంకెలు రాసే అమ్మగారు ఏరని అడిగాడు. చిట్టి చెప్పింది. ఆయన అమ్మ గదిలోకి వచ్చి, సంచీ కింద పెట్టి, గోడ మీది కాగితంలో అంకెలు చదివాడు. ఆవిడ రాసిన షీటు చూసే పెట్టె మార్చడానికి తను ఒప్పుకున్నాననీ, తన సర్వీసులో అలా రాసి చూపించిన ఇల్లు ఇదొక్కటేననీ అన్నాడు. చిట్టికి ఆ మాట తగిలింది. ఇంట్లో ఆ షీటు ఒక్కసారైనా పూర్తిగా చదివినవాళ్లు లేరు.

అమ్మ గదిలో ఏసీ ఆన్ చేయించి, బయటి పెట్టెని చూడాలని ఆయన పిన్ని గదిలోకి నడిచాడు. కిటికీ తలుపులు తెరుచుకోలేదు. చుట్టూ సందుల్లేకుండా గోధుమరంగు టేపు అంటించి ఉంది. ఆయన గోటితో టేపు పీకి, రెక్క తోశాడు. బట్టీ తలుపు తీసినట్టు వేడి గాలి చిట్టి మొహానికి కొట్టింది. పెట్టె సరిగ్గా కిటికీ కింద ఉంది. నాలుగడుగుల అవతల పక్కింటి గోడ. ఊదిన వేడంతా ఆ గోడకి తగిలి తిరిగి ఈ గదిలోకే వస్తోంది.

చిట్టి ఒళ్లు మండిపోయింది. "ఏమండీ, మీకు మనుషులు కనిపించరా? వాళ్లు సందులో పెట్టారు, మీరు ముసలావిడ మొహం మీద పెట్టారు. పెద్దావిడ పడుకునే గది అని తెలియదా మీకు?"

ఆయన తిరిగి కోప్పడలేదు. తలుపు రెక్క మూసి, గడియ పెట్టాడు.

"నేను ఇక్కడ పెడతాననలేదమ్మా. ఏడు మీటర్ల పైపు పట్టుకొచ్చాను. వీధి వైపు గోడకే మొదలుపెట్టాను కూడా."

ఆవిడ వచ్చి, అక్కడున్న కిటికీ ఏ గదిదో తనే చూసి, ఆ గదిలో మనిషి మధ్యాహ్నం పడుకుంటుంది, ఆపేసి తన కిటికీ కింద పెట్టమందట. ఆపేశానన్నాడు. చిట్టి తన గదిలోకి వెళ్లి, కిటికీ తెరిచి, చువ్వల మీదికి వంగి కిందికి చూసింది. బయటి గోడ మీద, తన తలగడకి అడుగు దూరంలో, స్టాండు కోసం వేసి తెల్ల సిమెంటుతో పూడ్చేసిన నాలుగు రంధ్రాలు ఉన్నాయి.