మూడో పిలుపు దాకా ఊరుకున్న ఓడ

సముద్రానికి ఇంత దూరాన ఉండి ఓడల గొడవ నీకెందుకమ్మా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. ములకలపల్లి పక్కన అడవి అంచు గూడెంలో పుట్టాను. కొత్తగూడెంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆదివారాలు బల్ల మీద నౌకాయుద్ధాలు చేస్తాను. ఎవరికేం నొప్పి?

మా ఆట బృందం ఖమ్మంలో ఉంది. చిన్న చిన్న చెక్క ఓడలు, బల్ల మీద నీలం గుడ్డ, పాచికలు, ఒక నియమాల పుస్తకం. ఆ పుస్తకంతో నాకు ఒకటే పేచీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మధ్య జెండాలు, దీపాలతో పాటు నోటితో మాట్లాడుకునే రేడియో కూడా నడిచింది. శత్రువు వింటాడేమోనని ఓడలను మారుపేర్లతో పిలుచుకునేవారు, మాటలు పొదుపుగా వాడేవారు. మా ఆటలో మాత్రం ఒక పక్షం వాళ్లంతా పక్కపక్కనే కూర్చుని చాయ్ తాగుతూ మనసులో ఉన్నదంతా చెప్పేసుకునేవారు. ఇది యుద్ధమా, పేరంటమా? అందుకే కొత్త అధ్యాయం రాశాను. కెప్టెన్లు తలో గదిలో కూర్చోవాలి, వాకీటాకీలోనే మాట్లాడాలి. అందరిదీ ఒకే ఛానెల్ కాబట్టి శత్రువూ వింటాడు. ఎవరి ఓడకు ఏం కనిపిస్తుందో అంపైర్ గదిగదికీ వెళ్లి చెప్తాడు, వాళ్లు చెప్పినట్టు బల్ల మీద ఓడలను తనే జరుపుతాడు.

అంపైర్ మా బృందంలో పెద్దాయన, నెమ్మదస్తుడు. ఒకసారి ఆడి చూద్దాం, ఆట నడిస్తే ఉంచుదాం, నడవకపోతే ఆ పేజీలు తీసేద్దాం అన్నాడు. రెండేళ్లు కూర్చుని రాసిన పేజీలు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

గదులున్న ఇల్లు కావాలి కనుక అందరినీ మా గూడేనికే పిలిచాను. నాతో జోడీగా ఆడాల్సిన ఆయన జ్వరమని రాలేదు. అక్క ఉంది కదా అన్నాను. అక్క వ్యవసాయం చేస్తుంది. నేను రాసిన ప్రతి నియమాన్నీ ముందు ఆమెతోనే, వాకిట్లో చింతగింజలు పెట్టి ఆడి చూసేదాన్ని. అవతలి పక్షంలో ఖమ్మం నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు. అక్క కొంగు దోపుకుని వాకీటాకీ అందుకుంటే వాళ్లు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

అక్కది పెద్ద ఓడ. అది బల్ల అవతలి అంచు దాటితే మేం గెలిచినట్టు. నాది టార్పెడోలున్న చిన్న ఓడ. అక్క వంటింట్లో, నేను పత్తి నింపిన గదిలో, అన్నదమ్ములు చెరో ఓడతో చెరో గదిలో. ఆట సగంలో, నేను ఒక దీవి చాటుకు జారుకుంటుండగా అన్నదమ్ముల గుండు నా ఓడకు తగిలింది. పొగగొట్టం పోయింది గానీ టార్పెడోలు క్షేమమని అంపైర్ నాకొక్కదానికే చెప్పి వెళ్లాడు.

అప్పుడు వాకీటాకీ గరగరలాడింది. అక్క నన్ను నా మారుపేరుతో పిలిచింది. నేను పలకలేదు.

మా దగ్గర అడవిలో ఎవరు పిలిచినా ఒకటో పిలుపుకు, రెండో పిలుపుకు పలకరు. మనిషి కానిది మూడోసారి పిలవలేదని నమ్మకం. ఇప్పపువ్వు ఏరుతూ మొదటి పిలుపుకే పలికానని చిన్నప్పుడు అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఫిజిక్స్ చెప్పే మనిషినే. అయినా ఆ మసక గదిలో, మనిషి కనపడకుండా గొంతొక్కటే వచ్చేసరికి నోరు దానంతటదే మూసుకుపోయింది. అక్క రెండోసారి పిలిచింది. వాకీటాకీ మీట మీద వేలు పెట్టి మళ్లీ తీసేశాను. నా పేజీలను నేనే ముంచేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

వింటున్న అన్నదమ్ములు నా ఓడ మునిగిపోయిందనే అనుకున్నారట. అంతలో అక్క ఓడ దీవి వైపు మళ్లిందని వాళ్లకు తెలిసింది. దిక్కుతోచక దాక్కోవడానికి పోతోందనుకుని రెండు ఓడలనూ దాని వెంట తిప్పారు. అక్క మూడోసారి పిలిచింది.

"ఉన్ననక్కా," అన్నాను. మారుపేరూ లేదు, గీరుపేరూ లేదు.

శత్రువు ఓడలు నా ముందే అడ్డంగా పోతున్నాయని అంపైర్ వచ్చి చెప్పాడు. టార్పెడోలన్నీ వదిలాను. పాచికలు కూడా ఆ రోజు మా గూడెం పక్షమే. వాళ్ల ఓడలు రెండూ మునిగాయి.

తర్వాత బల్ల దగ్గర పెద్ద రభస. ముందే కూడబలుక్కున్నారని తమ్ముడు ఎగిరాడు. మూడో పిలుపు సంగతి చెప్పి, కూడబలుక్కోవడం కాదు, కలిసి పెరగడమని నేనూ ఎగిరాను. అంపైర్ మమ్మల్ని ఊరుకోమని, వినేవాడికి మాట దొరుకుతుంది గానీ అలవాటు దొరకదు, నిజం ఓడల్లోనూ అంతే అయ్యుంటుంది అన్నాడు. పేజీలు ఉంటాయన్నాడు. నా కాళ్లు నేల మీద ఆగలేదు.

మూడోసారి కూడా చెల్లెలు పలకకపోతే ఏం చేసేదానివమ్మా అని ఆయన అక్కను అడిగాడు.

"ఏం జేస్త సారూ, దేవులాడనీకి పోత. రెండో పిలుపుకే బయలెల్లిన గద. మూడోది నడుసుకుంటనే పిలవాలె," అంది అక్క, చాయ్ గ్లాసులు సర్దుతూ.

అప్పుడు బల్ల వైపు సరిగ్గా చూశాను. అక్క ముందు అవతలి అంచు దాకా దారి ఖాళీగా ఉంది. నేరుగా పోతే ఆమె గెలిచేది. ఆ దారి వదిలేసి, ఫిరంగులకు ఎదురుగా, ఆమె ఓడ మూతి నా వైపు తిరిగి ఉంది. మునిగిన ఓడను వెతకడానికి ఇంకో ఓడ పోవచ్చని నా నియమాల్లో ఎక్కడా రాయలేదు నేను.

అదీ మా అక్కంటే అన్నాను, ఆ అన్నదమ్ములిద్దరికీ బాగా వినపడేలా.