సంబంధం కోసం రెల్లు గుడిసె చూసొచ్చిన రోజు

నాకు అనుమానం లేనిదే అన్నం అరగదని మా అమ్మ అనేది. చెల్లెలు ఒక ఆంధ్రా అబ్బాయిని చేసుకుంటానన్న రోజు నుంచి నాకు కడుపునిండా అనుమానాలే.

ఇద్దరిదీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్. అతను లెక్కలు చెప్పేవాడు, మా చెల్లెలు ఆఫీసు పని చూసేది. తెలంగాణ ఉద్యమం ఉడుకు మీదున్న రోజులవి. రోజు విడిచి రోజు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినేవాళ్లం. అన్నిట్లో నేనే ముందు. నాన్న లేడు కాబట్టి ఇంట్లో ఔనన్నా కాదన్నా నా మాటే. "నువ్వు కాదంటె చేసుకోను అన్నా. గానీ ఇంకెవర్నీ చేసుకోను," అంది చెల్లెలు. అది మాట మీద నిలబడే మనిషి.

"మాది పులికాట్ సరస్సు ఒడ్డున రెల్లు గుడిసె. నాన్న చేపలు పడతాడు," అన్నాడు ఆ అబ్బాయి మొదటిసారి కలిసినప్పుడు. నాకు నవ్వొచ్చింది. కోస్తావాళ్లంటే మేడలూ పొలాలే అనుకునే రోజులు. గుడిసె ఏంది? జాలి కోసం అల్లిన కథ అయినా అయ్యుండాలి, లేదంటే అక్కడ దాచుకోవాల్సిందేదైనా ఉండాలి.

"మేం పోయి ఇల్లు చూసొస్తం. నువ్వు మాత్రం రావద్దు. నువ్వుంటె అందరు నేర్పిన మాటలే చెప్తరు," అన్నాను.

మేనమామను తోడు తీసుకుని సూళ్లూరుపేటలో రైలు దిగాను. రేవు దాకా ఆటో, అక్కణ్ణుంచి పడవ. నీళ్లు మనిషి నడుము లోతు కూడా లేవు. పడవ నడిపేవాడు వెదురుగడ అడుగున గుచ్చి నెట్టుకుపోతున్నాడు. అవతలి ఒడ్డున నిజంగానే రెల్లు గుడిసెలు, తల వంచితే తప్ప లోపలికి పోలేనంత పొట్టివి.

"పోరడు అబద్ధం చెప్పలేదల్లుడా," అన్నాడు మామ.

"జర ఆగు. చూద్దాం," అన్నాను.

అబ్బాయి తండ్రి ఉతికిన చొక్కా వేసుకుని రేవులోకి ఎదురొచ్చాడు. ఇంటికి కొత్త రెల్లు కప్పి ఉంది. మేమొస్తున్నామని కప్పారంటే పాతది ఎంత అధ్వాన్నంగా ఉండేదో అనుకున్నాను. కప్పకపోయినా ఏదో ఒకటి అనుకునేవాణ్ణే లెండి.

అసలు అనుమానం అక్కడ కూర్చున్నాక మొదలైంది. ఊళ్లో మగవాళ్లంతా నీళ్లలో ఉన్నారు. ఈయనొక్కడే చాప మీద మా ఎదురుగా కూర్చున్నాడు. వల చూరు కింద పొడిగా చుట్టబెట్టి ఉంది. ఒక మనిషి రెండుసార్లు వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. రెండుసార్లూ ఈయన తల అడ్డంగా ఊపాడు.

"మీరు పనికి పోలేదా?" అని అడిగాను.

"ఈ పొద్దు లేదులే నాయనా."

"ఎందుకు? ఊరోళ్లు రానియ్యరా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన భార్య ఏదో చెప్పబోయింది. ఆయన చూసిన చూపుకి మాట మింగి లోపలికి పోయింది. ఇంకేముంది! ఈయన్ని ఊరు వెలేసి ఉండాలి, లేదంటే పొద్దున్నే తాగి పడుండే రకం. మామ రొయ్యల కూరతో రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే ఒళ్లు మండింది.

"లే మామా," అని లేచాను. గుమ్మంలో నిలబడి, ఇరుగుపొరుగు వినేటట్టే అన్నాను: "పని పాట లేకుండ కూసునే ఇంటికి మా చెల్లెనియ్యం."

ఆయన ముఖం వాడిపోయింది. అయినా రేవు దాకా వచ్చి మమ్మల్ని పడవెక్కించాడు.

తిరుగుదారిలో నీళ్లలో వరసగా పాతిన గుంజలు కనిపించాయి. చుట్టూ వలలే, అక్కడ మాత్రం ఏమీ లేదు.

"గిక్కడెవరు పట్టరా?" అన్నాడు మామ.

"అది ఆయన చోటే," అన్నాడు పడవతను, గడ గట్టిగా గుచ్చి. "ఈడ చీటీలేసి వంతులు పెట్టుకుంటాం. ఈ మంచి చోటు ఈ పొద్దు ఆయన వంతు. మళ్లా నెలకి గానీ రాదు. ఒకరి వంతులో ఇంకొకరు వల వెయ్యరు. రొయ్య బాగా పడతా ఉండాది, సముద్రం పోటు దాటిపోతా ఉండాదని రెండు తూర్లు మనిషిని పంపినాం. ఆడపిల్లోళ్లు ఇంట్లో ఉంటే ఎట్టా వచ్చేది అన్నాడంట. వాళ్లకి చెప్పబాకండి, నొచ్చుకుంటారు అన్నాడంట."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "పడవ తిప్పన్నా," అన్నాను.

ఆయన ఇంకా రేవులోనే ఉన్నాడు. దిగి రెండు చేతులూ పట్టుకున్నాను. "తప్పయింది పెద్దాయనా. మా చెల్లెను మీ ఇంటికే ఇస్తం," అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నన్ను కాస్త పక్కకి తీసుకెళ్లాడు.

"పొద్దున్నించీ ఒక మాట అడగాలని ఉండా నాయనా. నోరు రాలా. ఆడ గొడవలని టీవీలో చూస్తా ఉండాం. మా వాణ్ణి ఎవురూ ఏమీ చెయ్యరు గదా?"

"నేనున్న గదా. ఎవడు ముట్టుకుంటడు?" అన్నాను. ఆయన నా మాట నమ్మాడు. భార్యను కేకేసి పిలిచి, నేనన్నది అన్నట్టే ఆమెకి చెప్పాడు.

అప్పటికి పది రోజుల కింద, బంద్ రోజున తెరిచారని ఆ కోచింగ్ సెంటర్ కిటికీల మీద రాళ్లు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. చెల్లెలు ఆ రోజు ఇంట్లోనే ఉంది. లోపల పాఠం జరుగుతోందని తెలుసు. ఎవరు చెబుతున్నారో చూడలేదు. ఈ సంగతి నేనింతవరకు ఆయనకి చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు.