రెండంగుళాల మడత

మా అక్కకు మా వీధిలో రెండంగుళాలమ్మ అని పేరు. పిల్లల బట్టలు కుట్టేది. ఎవరి గౌను కుట్టినా కింద అంచులో రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి ఉంచేది. పిల్ల ఎదిగాక ఆ కుట్టు విప్పితే గౌను ఇంకో ఏడాది వస్తుంది. "అంత మడత ఎందుకమ్మా, బరువుగా వేలాడుతోంది" అని తల్లులు సణిగితే, "మీ పిల్ల ఇలాగే ఉండిపోవాలనా?" అని ఎదురడిగేది.

నేను ఆమె చెల్లెల్ని. అదే గదిలో రెండో మిషను నాది. ఉన్న ఒక్క కిటికీ దగ్గర ఆమె, గుండీల డబ్బాల పక్కన నేను. పనిలో ఆమె పెట్టే నస అంతా ఇంతా కాదు. లోపలి కుట్టు వంకరపోయినా విప్పించేది. "లోపల ఎవరు చూస్తారక్కా?" అంటే, "చూసేవాడు చూస్తాడు" అని కత్తెర నా ముందుకు తోసేది. నాకు ఒళ్ళు మండేది. ఆమె భక్తి ఆమెదే గానీ, విప్పే చేతులు నావి.

బావ ముందే పోయాడు. అక్కకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు చిట్టి. ఎనిమిదో ఏట జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో అదీ పోయింది. శవపెట్టెలో పడుకోబెట్టడానికి తెల్లగౌను తనే కుడతానంది అక్క. ఎవరు వద్దన్నా వినలేదు. నేను పిల్లకు తొడిగి అంచు సర్దబోతే వేళ్ళకు మందంగా తగిలింది. రెండంగుళాల మడత! ఇన్నేళ్ళ అలవాటుకు చేతులు వాటంతటవే మడిచి కుట్టేశాయి.

నా నోటికి అదుపెక్కడిది? "ఇదెందుకక్కా, ఇంక?" అనేశాను.

ఆమె ఆ అంచు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండానే నన్ను వెంటబెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. "అయ్యగారూ, అక్కడ పిల్లలు ఎదుగుతారా?"

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నాకు తెలీదమ్మా. వాక్యంలో అంత వివరంగా లేదు. పాప ఆయన దగ్గరుంది, నువ్వూ వెళ్తావు. నాకు తెలిసింది అంతే."

"ఎదిగిపోయి ఉంటే నేను గుర్తుపట్టొద్దూ?"

"నువ్వు పట్టకపోతే అది పడుతుంది లేమ్మా."

ఆ ఒక్క మాట మీద పంతొమ్మిదేళ్ళు బతికింది మా అక్క. పరలోకం గురించి ఆదివారం పాడి సోమవారం మరిచిపోయేవాళ్ళం మేమంతా. ఆమెకు మాత్రం అది పక్కవీధంత దగ్గర. కొలతల పుస్తకంలో చిట్టి పేజీ చింపలేదు. ఏటా బడి తెరిచే ముందు, చిట్టి ఈడు పిల్ల ఎవరైనా యూనిఫారానికి వస్తే, టేపు ఆమె చేతిలో కాసేపు ఆగేది. "ఇంత ఉండేది" అనేది మెల్లగా. ఆ పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి, తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. వాళ్ళ గౌన్లకూ రెండంగుళాలే. చిట్టిని చూడాలని అక్కకు కళ్ళు కాయలు కాచాయి. పక్కనే కూర్చుని అదంతా చూసినదాన్ని, నాకూ ఆ పిల్ల మీద బెంగగానే ఉండేది. అయినా ఆ రోజన్న మాటకు క్షమించమని ఒక్కసారి కూడా అడగలేకపోయాను.

ఈ మధ్య ఆమె గుండె ఇంక ఎక్కువ రోజులు లాగదని డాక్టరు చెప్పాడు. అక్క తెల్లగుడ్డ తెచ్చి నా మిషను మీద పెట్టింది.

"నా ఆఖరి గౌను నువ్వే కుట్టాలి. అంచు సన్నగా మడువు, గుడ్డ దండగ చెయ్యకు. ఈ వయసులో నేనింక ఎదిగేదేముంది?" అని నవ్వింది.

మూడు రోజులు కుట్టి తీసుకెళ్ళాను. మంచం మీద లేచి కూర్చుని, లోపలి కుట్లన్నీ వేలితో తడిమింది. అంచు దగ్గర ఆ వేలు ఆగింది.

"ఇదెందుకే, ఇంక?"

నా మాటే, తిరిగి నాకే.

"అక్కడ ఎదుగుతారో లేదో మనకేం తెలుసక్కా? ఉండనీ."

ఆ మడతను గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "పంతొమ్మిదేళ్ళు పట్టిందే నీకు ఈ మాట అనడానికి" అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అంచును కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది.

"కుట్టు వంకరపోయింది. చిట్టి చూస్తుంది, విప్పు" అని కత్తెర నా ముందుకు తోసింది.